భయం తెలిసిన వెల్డింగు మేస్త్రి

గుడివాడలో వెల్డింగు మేస్త్రి గారు పోయారని వాళ్ల అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను బందరు హార్బరులో పీతల బుట్టలు దింపిస్తున్నాను. పొద్దున లేచి కాఫీ తాగి, పేపరు చదువుతూ కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయారట. డాక్టరు వచ్చేసరికే అంతా అయిపోయిందట. ఆ అమ్మాయి ఏడవడం లేదు. మీకు చెప్పాలి కదక్కా, అందుకే చేశాను, అంది. వస్తున్నానని చెప్పి ఫోన్ పెట్టేసి, ఎదురుగా ఉన్న నా జీపు వంక చూశాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, భయం. ఇక ఈ బండి కిందికి దూరి చూసి, వెళ్లొచ్చనో వద్దనో చెప్పడానికి ఎవరున్నారన్న భయం.

ఏడుపు గుడ్లవల్లేరు దాటాక వచ్చింది. బండి పక్కకి ఆపుకొని కాసేపు కూర్చున్నాను.

ఇది చదివేవాళ్లలో చాలామందికి ఆయన తెలిసి ఉండరు. రైసు మిల్లు గోడ పక్కన రేకుల షెడ్డులో, నిప్పురవ్వలు పడి చిల్లులైన చొక్కాతో ముప్పై ఏళ్ల పైన పనిచేసిన మనిషి. పెద్దగా మాట్లాడరు. చుట్టుపక్కల షాపులవాళ్లు ఆయన్ని పిరికి మేస్త్రి అనేవారు. అది ఆయనకీ తెలుసు. ఆ మాట వినబడితే, అవునన్నట్టు తలూపి కళ్లద్దాలు తుడుచుకునేవారు.

నాది పీతల వ్యాపారం. దివిసీమలో కోడూరుకి దిగువన, సముద్రం ఒడ్డునున్న ఒక పాలెంలో జాలర్ల దగ్గర కొని బందరుకి చేరుస్తాను. ఆ పాలేనికి వెళ్లాలంటే కరకట్ట దిగి నాలుగు మైళ్ల పర్ర దాటాలి. పర్ర అంటే ఏ పైరూ పండని ఉప్పునేల. ఎండాకాలం గచ్చులా గట్టిగా ఉంటుంది. వాన పడితే సబ్బులా జారుతుంది. సముద్రం పోటెత్తితే నీళ్లు పైకొచ్చి దారి ఎక్కడుందో తెలియదు. మామూలు బండ్లు అక్కడికి రావు. అందుకని నాలుగు చక్రాలూ లాగే పాత మిలిటరీ జీపు ఒకటి కొనుక్కున్నాను. పీతల కోసం కొన్నది కాస్తా పాలెం మొత్తానికీ బండి అయింది. రేషనుకీ ఆసుపత్రికీ పెళ్లికీ అందులోనే.

ఆ దారి మధ్యలో మురుగునీరు పోవడానికి కట్టిన తూము ఉంది. దాని ఒక అంచు కూలిపోయి అడుగున్నర లోతు మెట్టు పడింది. ఏడేళ్ల కిందట ఒక మధ్యాహ్నం, వెనక ఆరుగురు ఆడవాళ్లుండగా, ముందు చక్రాలు ఆ మెట్టు మీంచి కిందికి పడ్డాయి. ఎముక విరిగినట్టు ఒక చప్పుడు. స్టీరింగు నా చేతుల్లో వదులైపోయింది. దిగి చూస్తే, ముందు చక్రాలు రెండూ ఎడంగా వాలి, ముంగాళ్లు చాపి కూలబడిన గేదెలా ఉంది జీపు. ఇరుసు నడుమ కుండలా ఉబ్బిన ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది. ఇంజను బలాన్ని రెండు చక్రాలకీ పంచే పళ్లచక్రాలు దాని లోపలే తిరుగుతాయి. మెకానిక్కులు దాన్ని డిఫరెన్షియల్ హౌసింగు అంటారు. ఆ కుండకీ పక్క గొట్టానికీ అతుకున్న చోట పగిలి, నల్లటి ఆయిలు ఉప్పునేల మీదికి కారుతోంది. వెనకున్న ఆరుగురిలో ఒకామె ఒళ్లో నెలల బిడ్డ ఉంది. కాస్త వేగంగా వచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా ధైర్యం చాలలేదు.

బందరులో రెండు చోట్ల చూపించాను. పైపైన అతికిస్తాం, ఒక పూట పని అన్నారు ఇద్దరూ. ఎందుకో మనసొప్పలేదు. పామర్రులో టైర్ల షాపతను, గుడివాడలో ఒక మేస్త్రి ఉన్నారు, పని ఆలస్యం గాని విరిగిందని ఎవరూ తిరిగి రాలేదు, అన్నాడు. లారీ మీద వేయించి తీసుకెళ్లాను.

ఆయన జీపు కిందికి వెళ్లి చాలాసేపు పడుకున్నారు. బయటికి వచ్చాక ఎంత బరువు వేస్తావని అడుగుతారనుకున్నాను.

"ఇందులో ఎవరెవరు ఎక్కుతారమ్మా?" అన్నారు.

పీతల బుట్టలండీ అన్నాను. బుట్టలు ఎక్కవు, ఎక్కిస్తాం, ఎక్కేవాళ్ల సంగతి చెప్పమన్నారు. చెప్పాను. ముసలివాళ్లు, బడికెళ్లే పిల్లలు, పురిటికెళ్లేవాళ్లు. వింటూ వింటూ స్టూలు మీద కూర్చున్నారు.

"నాకు భయంగా ఉంది. నాలుగు రోజులు పడుతుంది," అన్నారు.

ఆ నాలుగు రోజులూ చల్లపల్లిలో మా చెల్లెలింట్లో ఉండి, పొద్దున్నే బస్సెక్కి షెడ్డుకి వెళ్లి కూర్చునేదాన్ని. ఇరుసు మొత్తం ఊడదీసి, ఆయిలు తీసేసి, డీజిలుతో కడిగి, పగులు చివర ఇక ముందుకి పాకకుండా చిన్న బెజ్జం వేశారు. నల్లద్దం నా చేతికిచ్చి చూడమన్నారు. కుండ పోత ఇనుము, గొట్టాలు ఉక్కు. రెండూ వేడికి ఒక్కలా సాగవు, ఒక్కలా చల్లారవు. అందుకని ముందు గ్యాసుమంటతో కుండని మెల్లగా కాచి, ఒక అంగుళం ఇటు అతికి, ఆగి, ఇంకో అంగుళం దానికి ఎదురు వైపు అతికేవారు. ప్రతి అంగుళాన్నీ వేడి మీదే చిన్న సుత్తితో తడుతూ, తల పక్కకి వంచి వినేవారు. ఒక్క బిగిన లాగేస్తే పని తొందరగా అవుతుంది గాని గొట్టం వంగిపోతుందట. అతుకు అయ్యాక ఇరుసు పైన ఈ కొస నుంచి ఆ కొస దాకా వంతెన దూలంలా ఒక ఉక్కుపట్టీ, దానికి ఊతాలు, కుండ కింద రాయి తగిలినా కాసే మందపాటి రేకు. చివరికి మొత్తాన్నీ మిల్లులోంచి తెచ్చిన వేడి ఊక బూడిదలో పాతిపెట్టి, మర్నాటి దాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. గాలి తగిలి గబుక్కున చల్లారితే ఇనుము లోపల్లోపల చీలుతుందన్నారు.

మర్నాడు బూడిదలోంచి తీసి, అతుకు మీద కిరసనాయిలు పూసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి రాశారు. పగులుంటే అందులో దాగిన కిరసనాయిలు పైకి ఊరి సుద్ద తడుస్తుంది. కాసేపటికి వెంట్రుకంత తడి గీత ఒకటి కనిపించింది. నాకైతే కళ్లు చికిలిస్తే గాని ఆనలేదు. ఈ మాత్రానికేం కాదులెండి అని నేనే అన్నాను. ఆయన గ్రైండరు తీసుకొని ఆ వైపు పనంతా కోసేశారు. నాలుగు రోజులన్నవి ఆరయ్యాయి.

భయం వేస్తే ఇంకోసారి చూడు, చూశాక కూడా వేస్తే విప్పు, అనేవారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న మెకానిజం అంతా ఆ ఒక్క ముక్కే.

ఆ తరవాత ఏటా తుఫాన్ల కాలం ముందు జీపు ఆయన దగ్గరికి తీసుకెళ్లేదాన్ని. మూడో ఏడు కాబోలు, షెడ్డు బయట మజ్జిగ తాగుతుండగా, పర్ర మీద ఇప్పుడు నీళ్లు ఎందాకా వస్తున్నాయని అడిగారు. పర్ర సంగతి మీకెలా తెలుసంటే, మాదీ దివిసీమేనమ్మా అన్నారు. ఉప్పెన వచ్చిన ఏడు ఆయనకి ఎనిమిదేళ్లు. నీళ్లు ఇంట్లోకి వచ్చేస్తుంటే తండ్రి ఆయన్ని భుజాన వేసుకొని బడి దగ్గరికి పరిగెత్తి, వలతాడుతో ఇనుప దూలానికి కట్టేశాడట. తను పక్కన గోడ పట్టుకొని నిలబడ్డాడట. తెల్లారేసరికి దూలం ఉంది, గోడ లేదు. అంతవరకే చెప్పారు. గుడివాడలో ఎవరో దూరపు బంధువులు పెంచారు. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటి ఆ వైపు మళ్లీ అడుగు పెట్టలేదు. చల్లపల్లి దాకా పెళ్లిళ్లకి వెళ్లేవారు. అక్కడితో ఆఖరు.

అందుకే కిందటి తుఫాను రోజు జరిగింది నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

అప్పుడు జీపు ఆయన షెడ్డులోనే ఉంది, ముందు చక్రాలు ఊడదీసి. నేను చల్లపల్లి నుంచి పొద్దున్నే వెళ్లాను. తుఫాను సాయంత్రానికి తీరం దాటుతుందని రేడియోలో చెబుతున్నారు. ఎనిమిదింటికి పాలెం నుంచి ఒక జాలరావిడ ఫోన్ చేసింది. అందరూ ముందురోజే షెల్టరుకి వెళ్లిపోయారట. కొడుకు పడవ ఇంకా రేవుకి చేరలేదని, ఈమె, కోడలు ఆగిపోయారు. కోడలికి ఇంకా మూడు వారాలు టైముంది, తొలిచూలు. తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. అంబులెన్సు కరకట్ట దాకా వచ్చి ఆగింది, పర్ర మీదికి దిగలేదు. ఉన్న ఒక్క ట్రాక్టరూ ముందురోజు జనాన్ని మోస్తూ రేవు దగ్గర కూరుకుపోయింది. నువ్వు తప్ప ఇంకెవరున్నారమ్మా, అంటోంది ఆవిడ. ఆ గొంతు వెనక గాలి చప్పుడు వినిపిస్తోంది.

నేను చెప్పింది విని మేస్త్రి గారు మళ్లీ కిందికి దూరారు. పాత అతుకు అంచున ఒక గీత ఉందన్నారు. తుప్పు గీతో, పగులో తేలడం లేదు. సుద్ద రాస్తే గాలిలో చెమ్మకి మొత్తం తడిసిపోతోంది. విప్పి చూడ్డానికి టైము లేదు. వెళ్లొచ్చా అని అడిగాను. ఆయన నా మొహంలోకి చూడలేకపోయారు. నేను చెప్పలేనమ్మా, అన్నారు. ఆయన ఎప్పుడూ వెళ్లమనో వద్దనో చెప్పేవారు. ఆ రెండూ కాని మాట వినడం అదే మొదలు.

గంటలో చక్రాలు బిగించారు. తరవాత ఒక గొలుసు, రెండు చెక్కదిమ్మలు, ఒక గునపం జీపులో వేసి, తనూ ఎక్కి కూర్చున్నారు. బడిలో పాఠాలు చెప్పే వాళ్లమ్మాయి అటు వెళ్లబోతూ చూసి పరిగెత్తుకొచ్చింది. ఎక్కడికి నాన్నా, మీరెందుకు, అని చెయ్యి పట్టుకుంది. ఆయన ఆ చెయ్యి మెల్లగా విడిపించుకున్నారు.

"కింద నా పని ఉంది. పైన ఈ అమ్మాయి ఒక్కతీ ఎలా వెళ్తుందే?" అన్నారు.

పామర్రు, కూచిపూడి, చల్లపల్లి. గాలికి తాడిచెట్లు వంగిపోతున్నాయి. రోడ్డు మీద బండ్లన్నీ మాకు ఎదురే వస్తున్నాయి. పులిగడ్డ దగ్గర ఏరు దాటుతుంటే ఆయన ఎదురుగా ఉన్న ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకొని కళ్లు మూసుకున్నారు. వెనక్కి తిప్పమంటే తిప్పేద్దామనుకున్నాను. నిజం చెప్పాలంటే, అనాలని కోరుకున్నాను. ఆయన అనలేదు.

కరకట్ట మీద అంబులెన్సు ఉంది. దిగువన పర్ర లేదు, నీళ్లే. దారి పొడవునా పాతిన సరుగుడు కర్రలు అక్కడక్కడ తలలు చూపిస్తున్నాయి. నాలుగు చక్రాలూ లాగేలా గేరు వేసి దించాను. వంద గజాలు వెళ్లాక కర్రలు కూడా కనిపించడం మానేశాయి. దారి అంచు దాటితే పక్కన మురుగు కాలవ, రెండు నిలువుల లోతు. నేను ఆపేశాను.

మేస్త్రి గారు పంచె ఎగగట్టి, గునపం తీసుకొని దిగారు. మోకాళ్లు దాటి నీళ్లు. గునపంతో నేల తడుముకుంటూ ముందు నడవడం మొదలుపెట్టారు. గట్టి నేల తగిలితే చెయ్యెత్తేవారు, నేను ఆయన వెనక అడుగడుగునా కదిలేదాన్ని. వాన ఈటెల్లా పడుతోంది. నలభై ఏళ్లకి పైగా నీళ్లకి దూరంగా బతికిన మనిషి, అవే నీళ్లలో, నడుము దాకా తడిసి, ఒక్కసారి కూడా వెనక్కి చూడకుండా నడిచారు. ఆయన పడిపోతే నేను ఏం చెయ్యగలనో నాకు తెలియదు. నాకు ఈత రాదు.

తూము దగ్గర ముందు చక్రాలు మెట్టు మీంచి దిగాయి, ఎంత మెల్లగా దించినా దబ్బుమంది. ఆయన నీళ్లలో వంగి, చెయ్యి కిందికి పెట్టి, అతుకంతా వేళ్లతో తడిమారు. ఆ చెయ్యి వాసన చూసుకున్నారు. చుట్టూ నీళ్ల మీద రంగుల తెట్టె ఏమైనా తేలుతోందేమోనని చూశారు. ఆయిలు లేదు, పోనియ్ అని సైగ చేశారు.

పాలెంలో కోడలు గుమ్మానికి ఆనుకొని కూర్చుంది, పెదవి కొరుక్కొని. అత్తగారు వెనక సీట్లో పడుకోబెట్టి తల ఒళ్లో పెట్టుకుంది. తిరిగి వచ్చేసరికి నీళ్లు ఇంకో జానెడు పెరిగాయి. ఈసారి తూము దగ్గర మెట్టు ఎక్కాలి. చక్రాలు ఎక్కుతున్నప్పుడు కింద ఏదో పుటుక్కుమంది. ఆ చప్పుడు నాకు తెలుసు. ఆయన నీళ్ల వంక చూస్తున్నారు. ముందు చక్రం పక్కన నీలం, ఊదా రంగుల తెట్టె మెల్లగా విచ్చుకుంటోంది.

ఆయన నన్ను బ్రేకు తొక్కి పట్టుకోమని, మళ్లీ నీళ్లలో కూర్చున్నారు. గడ్డం దాకా వచ్చాయి. గొలుసు ఇరుసు చుట్టూ, పైనున్న ఉక్కుపట్టీ చుట్టూ తిప్పి, గునపం దూర్చి మెలిపెట్టి బిగించి, చెక్కదిమ్మలు ఇరికించారు. రెండు సార్లు అల మొహం మీదుగా వెళ్లింది. రెండోసారి తల పైకి రావడం ఆలస్యమైంది. వెనక కోడలు అరుస్తోంది. తల పైకి లేచింది. స్టీరింగు అటూ ఇటూ తిప్పకు, తిన్నగా పోనియ్, అన్నారు. అక్కణ్నుంచి కరకట్ట దాకా ముందు చక్రం పక్కనే, మడ్‌గార్డు మీద చెయ్యి వేసి, నడిచే వచ్చారు. బండి నడిచినంతసేపూ నాకు వినిపించింది రెండే చప్పుళ్లు. గొలుసు ఇనుముకి రాసుకోవడం ఒకటి, వెనక నుంచి ఆమె మూలుగు ఒకటి. ఏది ముందు ఆగిపోతుందోనని భయపడ్డాను.

ఏదీ ఆగలేదు. అంబులెన్సులో అవనిగడ్డ ఆసుపత్రికి చేర్చిన గంటకి ఆడపిల్ల పుట్టింది. పడవ రెండు రోజుల తరవాత ఎక్కడో దిగువ రేవులో క్షేమంగా చేరిందని తెలిసింది.

మేస్త్రి గారు ఆసుపత్రి వరండాలో గోడకి ఆనుకొని కూర్చున్నారు. నేను టీ తెచ్చి పక్కన కూర్చుంటే, ఒక్క మాట అన్నారు.

"నడుస్తున్నంతసేపూ కింద మా నాన్న చెయ్యి తగులుతుందేమోనని భయపడ్డానమ్మా. తగిలితే బాగుండుననీ అనిపించింది."

తరవాత గుడివాడలో ఇరుసు విప్పితే, పగులు ఆయన అతుకు అంచునే ఉంది, బొటనవేలంత పొడవు. మిగతా మెకానిక్కులు వచ్చి చూసి, ఇది మీ తప్పు కాదు, పాత పోత ఇనుము, దానికి వయసైపోయింది, అన్నారు. ఆయన ఒప్పుకోలేదు. అతుకు పక్కన పగిలితే అతికినవాడిదే బాధ్యత అన్నారు. షెడ్డుకి వచ్చిన ప్రతివాడికీ ఆ పగులు చూపించి, ఎక్కడ తొందరపడ్డారో చెప్పేవారు. మెచ్చుకోవడానికి వచ్చినవాళ్లకి కూడా అదే చూపించేవారు. కొత్త కుండ కోసం పాతసామాన్ల షాపులన్నీ గాలించి, తెచ్చి, మొదటి నుంచీ మళ్లీ కట్టారు. ఈసారి పది రోజులు పట్టింది.

ఎవరూ ఆయన్ని పిరికి మేస్త్రి అనడం ఆ తరవాత నేను వినలేదు. అన్నా ఆయన పట్టించుకునేవారు కాదు. ఆయనకి భయం పోలేదు. ఆ రోజు తరవాత ఇంకా ఎక్కువైందని వాళ్లమ్మాయి చెప్పింది. వాన పడితే చాలు, లేచి తలుపు దగ్గర కూర్చునేవారట.

తలకొరివి ఆ అమ్మాయే పెట్టింది. మూడో రోజు నాకు ఫోన్ చేసి, హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోట నాన్న అస్థికలు కలపాలనుంది, ఇసుకలో మీ జీపయితేనే వెళ్తుందంటున్నారు, అంది. సరేనన్నాను. వెళ్లేముందు నేనే బండి కిందికి దూరాను. కిరసనాయిలు పూసి, తుడిచి, సుద్ద రాసి, పక్కనే కూర్చొని చూశాను. తడి గీత లేదు. ఇంకోసారి రాశాను. అప్పుడూ లేదు. అయినా నాకు భయం పోలేదు. ఆయన చూసి లేదనడం వేరు, నేను చూసి లేదనుకోవడం వేరు.

పాలకాయతిప్ప దాటి ఇసుకలోకి దిగాక ప్రతి కుదుపుకీ చెవులు రిక్కించి విన్నాను. ఆ అమ్మాయి అస్థికల కుండని ఒళ్లో పెట్టుకొని, ముందుకి చూస్తూ కూర్చుంది. ఇంజను ఆపగానే హోరు వినపడింది. రోజూ ఇంత చప్పుడు చేస్తుందా అక్కా, అని అడిగింది. ముప్పై నాలుగేళ్లొచ్చినా సముద్రం చూడటం అదే మొదటిసారట. బందరు బీచికి బడి పిల్లలతో కూడా ఆయన ఎప్పుడూ పంపలేదట.

చెప్పులు విడిచి నీళ్లలోకి నడిచింది. నది నీళ్లు మట్టిరంగులో ఉన్నాయి, సముద్రం బూడిద పచ్చగా ఉంది. రెండూ కలిసేచోట నురగ గీత ఒకటి. కుండ వంచాక ఆ బూడిద అటూ పోలేదు, ఇటూ రాలేదు, ఆ గీత మీదే కాసేపు ఊగింది. అల వచ్చి ఆమె మోకాళ్లు దాటింది. చీర తడిసి కాళ్లకి చుట్టుకుంది. ఆమె వెనక్కి రాలేదు. ఇంకో అడుగు వేసింది. నాకు భయం వేసి, పోటు ఎక్కుతోంది, వచ్చేయమ్మా అని కేకేశాను.

ఆమె ఇటు తిరగలేదు. కొంచెం ఆగమన్నట్టు చెయ్యెత్తింది. ఆ చేతికి ఇంకా బూడిద అంటుకునే ఉంది. నీళ్లు కారుతున్నాయి.